అరవై ఎలుగుబంట్లు వద్దు, ముందు ఐదు చాలు: లెక్కల ఆటబొమ్మల సమీక్ష

మూడేళ్ల పాప ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు. అదే పాప ముందు ఆరు సీసా మూతలు పెట్టి "ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే, వేలు ఒక వేగంతో పోతుంది, నోరు ఇంకో వేగంతో పోతుంది, చివరికి "పది!" అంటుంది. ఇందులో పాప తప్పేమీ లేదు. ఒంట్లు అప్పజెప్పడం ఒక పని, లెక్కపెట్టడం మరో పని. మొదటిది పాట లాంటిది, వరస నోటికి వస్తే చాలు. రెండోదానికి కన్ను, వేలు, నోరు కలిసి నడవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చివర పలికిన మాటే మొత్తం గుంపుకు జవాబు అని తెలియాలి.

"లెక్కలు నేర్పుతుంది" అని పెట్టె మీద రాసుకుని అమ్ముడయ్యే బొమ్మల్లో చాలా వాటికి ఈ తేడా పట్టదు. అందుకే ఇక్కడ ఒక్కో రకం సామానునూ ఒకే ప్రశ్నతో చూశాం: దీనితో ఆడేటప్పుడు లెక్క చేస్తున్నది ఎవరు, పిల్లలా, బొమ్మా? కంపెనీ పేర్లు ఇవ్వడం లేదు. ఒకే రకం సెట్‌ను ఎన్నో కంపెనీలు తయారుచేస్తాయి, పేరు చూసి కొనడం కంటే వస్తువు తీరు చూసి కొనడమే మేలు.

కొనేముందు ఐదు నిమిషాల పరీక్ష

ఏ బొమ్మ కొనాలన్నది పిల్లల వయసును బట్టి కాదు, వాళ్లు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి తేల్చాలి. ఒక గిన్నెలో ఒకేలాంటి వస్తువులు పది వేయండి. గుండీలు కాకుండా కాస్త పెద్దవి, సీసా మూతల్లాంటివి. "నాకు ఒకటి ఇవ్వు" అనండి. తర్వాత రెండు, తర్వాత మూడు. "లెక్కపెట్టి ఇవ్వు" అని మాత్రం అనొద్దు. అలా అంటే ఏం చేయాలో మీరే చెప్పినట్టు అవుతుంది.

చాలామంది పిల్లలు ఒకటి, రెండు సరిగ్గా ఇచ్చి, మూడు అడిగేసరికి గుప్పెడు తీసి చేతిలో పోస్తారు. అదే పిల్లలు నోటితో పది దాకా తడుముకోకుండా చెప్పగలరు. మానసిక శాస్త్రవేత్త కారెన్ విన్ 1990లో ఈ "ఇవ్వు" పరీక్షతోనే పిల్లల మెట్లను విడమరిచి చూపారు. ముందు ఒకటి తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, ఇంకొన్ని నెలలకు మూడు. ఆ తర్వాత ఒక దశలో, ఎన్ని అడిగినా లెక్కపెట్టి ఇవ్వొచ్చన్న సంగతి తట్టేస్తుంది. అక్కడి నుంచి ఐదైనా ఎనిమిదైనా ఒకటే పద్ధతి.

ఈ పరీక్ష ఒక్కసారితో తేలదు. మూడు అడిగితే మూడు రావడం అదృష్టం వల్ల కూడా జరగొచ్చు. మరో పూట మళ్లీ అడగండి. ఒకటి అడిగినప్పుడు మూడు ఇచ్చేస్తుంటే, మూడు వచ్చినట్టు కాదు. మూడు దగ్గర ఆగిపోతున్న పిల్లలకు కింద చెప్పే ఎలుగుబంట్లు, మూతలు చాలు. ఐదు, ఆరు తేలిగ్గా ఇస్తున్న వాళ్లకు పుల్లల పెట్టె, పూసల చట్రం పనికొస్తాయి. ముందే కొంటే అవి అటక మీదికి చేరతాయి.

ఎలుగుబంట్ల సెట్

చాలా సెట్లలో ఆరు రంగులు, రంగుకు పది చొప్పున అరవై ఎలుగుబంట్లు, అవే రంగుల్లో ఆరు గిన్నెలు, ఒక పట్టకారు, ఒకటో రెండో పాచికలు ఉంటాయి. మెత్తని రబ్బరు లాంటి ప్లాస్టిక్‌వి తీసుకోండి. కింద పడినా దొర్లవు, నిలబెడితే నిలబడతాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దొర్లిపోయే గోళీల్ని లెక్కపెట్టడం పెద్దవాళ్లకే విసుగు. కదలకుండా ఉన్న వస్తువు మీదే పిల్లల వేలు నిలుస్తుంది.

ఈ సెట్‌లో చిక్కంతా రంగు గిన్నెలతోనే. పెట్టె తెరవగానే ఎర్ర ఎలుగు ఎర్ర గిన్నెలోకి, నీలం ఎలుగు నీలం గిన్నెలోకి పోతాయి. అరవై బొమ్మలూ సర్దడం అయిపోతుంది, ఒక్క అంకె కూడా అవసరపడదు. రంగులు వేరు చేయడం మంచి ఆటే, దానికి దాని ప్రయోజనం ఉంది. కానీ లెక్క నేర్పుతున్నాం అనుకుని దాన్నే నెలల తరబడి ఆడించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ గిన్నెల్ని తీసి పక్కన పెట్టండి. యాభై ఐదు బొమ్మల్ని కూడా పక్కన పెట్టండి. ఒకే రంగువి ఐదు మిగలాలి.

ఇప్పుడు ఆట. ఎడమవైపు ఒక పళ్లెం, కుడివైపు ఒక స్టీలు గిన్నె. ఎలుగుబంట్లు పళ్లెంలో ఉంటాయి. ఒక్కోదాన్నీ తీసి గిన్నెలో వేస్తూ లెక్కపెట్టాలి. స్టీలు గిన్నె ఎందుకంటే, పడ్డప్పుడు "టంగ్" మంటుంది. ఒక చప్పుడుకు ఒక మాట. బొమ్మ చేతిలో ఉండగానే నోరు ముందుకు పోతే పిల్లలకే తేడా వినిపిస్తుంది. ఇక పళ్లెంలోంచి గిన్నెలోకి మారడం వల్ల, లెక్కపెట్టినవి ఏవి, పెట్టాల్సినవి ఏవి అన్న గందరగోళం ఉండదు. కుప్పగా పోసిన బొమ్మల్ని చూపుడు వేలితో లెక్కపెట్టమంటే, పెద్ద పిల్లలు కూడా ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెడతారు, ఇంకోదాన్ని వదిలేస్తారు. పిల్లలకు లెక్క రాక కాదు, కుప్పలో చోటు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి.

గిన్నెలో మూడు పడ్డాక, పైన చేతిరుమాలు కప్పి అడగండి: "ఎన్ని పడుకున్నాయి?" ఈ రుమాలు ఈ సెట్‌తో రాదు, కానీ సెట్‌లోని అన్నిటికంటే విలువైనది ఇదే. రుమాలు లేకుండా "మొత్తం ఎన్ని?" అంటే పిల్లలు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. ప్రశ్నను "మళ్లీ లెక్కపెట్టు" అని అర్థం చేసుకుంటారు. కప్పేస్తే మళ్లీ లెక్కపెట్టడానికి వీల్లేదు, చివర పలికిన మాటనే జవాబుగా వాడుకోవాలి. జవాబు తట్టక రుమాలు ఎత్తి చూస్తే చూడనివ్వండి. సరిచూసుకోవడం కూడా నేర్చుకోవాల్సినదే. మూడు కుదిరాక నాలుగు. నాలుగు కుదిరాక, కప్పిన రుమాలు కిందికి ఇంకో ఎలుగును పంపి "ఇప్పుడు?" అనండి.

పట్టకారును కొంతకాలం దాచేయండి. వేళ్ల పట్టుకు అది మంచిదే, కానీ బొమ్మ జారిపోకుండా చూసుకోవడంలోనే ధ్యాసంతా పోతుంది, మూడు తర్వాత ఏం చెప్పాలో మరిచిపోతారు. రెండు కొత్త కష్టాలు ఒకేసారి పెట్టకూడదు.

కొన్ని సెట్లలో ఎలుగుబంట్లు మూడు సైజుల్లో వస్తాయి. మొదట్లో అవి అడ్డమే. ఐదు చిన్నవి, ఐదు పెద్దవి రెండు వరసలుగా పెడితే, పెద్దవాటి వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి అవే ఎక్కువ అంటారు. లెక్క గట్టిపడ్డాక ఇదే మంచి ఆట అవుతుంది: రెండు వరసల్లోనూ ఎదురెదురుగా జత కలుపుతూ పోయి, ఒక్కటీ మిగలలేదని వాళ్లే కనుక్కోవాలి.

ఇక భద్రత. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చిన్న ముక్కల్ని పరీక్షించే గొట్టం ఒకటుంది, దాని లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. ఏ వైపు తిప్పి పెట్టినా నొక్కకుండా అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. చాలా ఎలుగుబంటి సెట్లు ఈ లెక్కన మూడేళ్లు దాటినవాళ్లకే. ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉంటే, లెక్కకు పెద్ద చెక్క దిమ్మెలు వాడండి. అయస్కాంతం ఉన్న ముక్కలు, గుండ్రటి చిన్న బ్యాటరీతో నడిచే బొమ్మలు అయితే ఇంకా జాగ్రత్త. మింగితే ఉక్కిరిబిక్కిరి కావడం ఒక్కటే కాదు, కడుపులో, గొంతులో తీవ్రమైన గాయాలవుతాయి.

"ఎనిమిది" దగ్గర ఎందుకు తప్పుతుంది

ఏ బొమ్మ కొన్నా ఎదురయ్యే విషయం ఇది, ఏ పెట్టె మీదా రాసి ఉండదు. తెలుగు అంకెల్లో ఒక్కక్షరంతో అయిపోయేది లేదు. రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, పది రెండేసి అక్షరాలు. ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి. ఎనిమిదికి నాలుగు. పిల్లల వేలు మాటతో కాకుండా అక్షరంతో కదులుతుంది. "ఎని" అన్నప్పుడు ఒక బొమ్మ మీద, "మిది" అన్నప్పుడు పక్క బొమ్మ మీద. దాంతో తొమ్మిది బొమ్మలుంటే ఎనిమిదితోనే అయిపోతాయి. "ఒకటి" దగ్గర కూడా ఇదే జరుగుతుంది, మొదట్లోనే రెండు బొమ్మలు ఒక మాటకు పోతాయి.

"సరిగ్గా లెక్కపెట్టు" అంటే ఇది బాగుపడదు. ఏం తప్పైందో వాళ్లకు తెలియదు. పైన చెప్పిన చప్పుడు గిన్నె దీనికి మందు: మాట మొత్తం పూర్తయ్యేదాకా చేతిలోది వదలకూడదు. లేదంటే మీ అరచేతిలో ఒక్కో బొమ్మ పెట్టమని, మాట అయ్యాకే చెయ్యి మూయండి. రెండు మూడు రోజులు ఇలా ఆడితే వేలు దానంతట అదే నెమ్మదిస్తుంది.

ఇంకొకటి. మనుషుల బొమ్మలున్న సెట్లు కూడా దొరుకుతాయి, బస్సులో కూర్చోబెట్టేవి, పడవలో ఎక్కించేవి. మన భాషలో మనుషుల్ని ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటాం. అంటే అదే సంఖ్యకు ఇంకో వరస మాటలు. లెక్క అప్పుడప్పుడే వస్తున్న పిల్లలకు రెండు వరసలు కలిస్తే "ఒకటి, ఇద్దరు, మూడు" అవుతుంది. అందుకని మొదటి సెట్ వస్తువులదో జంతువులదో అయితే మంచిది. ఐదు దాకా గట్టిపడ్డాక బస్సు బొమ్మ తెండి, ఆట ఎంతో బాగుంటుంది: "నలుగురు ఎక్కారు, ఒకరు దిగారు, బస్సులో ఎంతమంది?" ఎలుగుబంట్లను ఎవరైనా ముద్దుగా "ముగ్గురు" అంటే దిద్దకండి. మూడు అన్న సంగతి తెలిసింది, అదే కావాల్సింది.

గుచ్చుకునే క్యూబులు

ఒక్క సెట్ మాత్రమే కొనగలిగితే ఇదే కొనండి. చాలా సెట్లలో ఒక్కో క్యూబు అటూఇటుగా 2 సెంటీమీటర్లుంటుంది, ఒకదానిలో ఒకటి గుచ్చుకుని స్తంభం అవుతుంది. ఎలుగుబంట్లకు లేని గుణం దీనికి ఉంది: లెక్కపెట్టిన ఐదు చెదిరిపోవు, ఒక్క ముక్కగా చేతికి వస్తాయి. ఐదు పక్కన ఆరు నిలబెడితే, ఒక్క క్యూబు ఎత్తుగా కనిపిస్తుంది. "ఆరంటే ఐదు మీద ఇంకొకటి" అని ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు రకాలున్నాయి. ఒక దిక్కుగానే అతుక్కునేవి, అన్ని వైపులా అతుక్కునేవి. లెక్క కోసం అయితే మొదటి రకం మేలు, నిటారు స్తంభం తప్ప ఇంకేమీ రాదు. రెండో రకంతో తుపాకులు, విమానాలు మొదలవుతాయి. ఆకారాలు కట్టడానికి అవి చాలా మంచివి, కాకపోతే లెక్క కోసం కూర్చున్న పది నిమిషాలు అటే పోతాయి. కంపెనీలు కలపకండి. కొలతల్లో చిన్న తేడా ఉన్నా ఒకదానిలో ఒకటి గుచ్చుకోవు, గుచ్చుకున్నా ఎత్తులు సరిపోవు. అప్పుడు ఐదు క్యూబుల స్తంభం ఇంకో ఐదు క్యూబుల స్తంభం కంటే పొడుగ్గా నిలబడి, మీరు నేర్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం నేర్పుతుంది.

కొత్త క్యూబులు బిగుతుగా ఉంటాయి, మూడేళ్ల చేతులకు లొంగవు. కొన్నవెంటనే పెద్దవాళ్లు ఒక్కోదాన్నీ ఐదారుసార్లు గుచ్చి తీయండి. వదులైపోయినవి కూడా పనికిరావు, స్తంభం ఎత్తగానే సగం ఊడిపోతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఎన్ని కావాలి? మెట్లు కట్టే ఆటే ఈ సెట్‌కు ప్రాణం: ఒక క్యూబు, పక్కన రెండు, పక్కన మూడు, అలా. ఐదు మెట్లకు 15 క్యూబులు, పది మెట్లకు 55. యాభై క్యూబుల డబ్బా కొంటే పదో మెట్టు దగ్గర ఐదు తక్కువ పడతాయి. వందది తీసుకోండి. మెట్లు కట్టాక పిల్లల్ని కళ్లు మూసుకోమని, ఒక మెట్టు తీసి మిగతావి దగ్గరికి జరపండి. "ఏ మెట్టు పోయింది?" ఒక చోట మెట్టు రెండింతలు ఎత్తుగా కనిపిస్తుంది. మొదట్లో పక్క స్తంభాల్ని లెక్కపెట్టి చెబుతారు, పోను పోను చూసీ చూడగానే చెబుతారు.

పుల్లల పెట్టె

మాంటిస్సోరి బడుల్లో కనిపించే సామాను ఇది. చెక్క పెట్టెలో 0 నుంచి 9 దాకా అంకెలు రాసిన పది అరలు, విడిగా 45 చెక్క పుల్లలు. 1 ఉన్న అరలో ఒక పుల్ల, 2 ఉన్న అరలో రెండు, అలా 9 దాకా వేయాలి. సున్నా అర ఖాళీగా ఉండిపోతుంది. "ఇందులో ఏం వేయాలి?" అని అడిగి, "ఏమీ వద్దు" అన్న జవాబు వాళ్ల నోటినుంచే వచ్చేదాకా ఆగండి. సున్నాను ఇంతకంటే తేలిగ్గా చూపే వస్తువు లేదు.

దీని తెలివంతా 45 అన్న సంఖ్యలో ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా కలిపితే వచ్చేది అంతే. కాబట్టి అన్నీ సరిగ్గా వేస్తే చివరి అరకు సరిగ్గా తొమ్మిది మిగులుతాయి. మధ్యలో ఎక్కడో ఒకటి ఎక్కువ వేస్తే తొమ్మిదో అరలో ఎనిమిదే వస్తాయి. పక్కన ఎవరూ "తప్పు" అనక్కర్లేదు, పెట్టే చెబుతుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేస్తే మాత్రం రెండూ సరిపోయి తప్పు దాగిపోతుంది. అందుకని అప్పుడప్పుడూ ఒక అర తీసి మీరు కూడా చూడండి.

ఇదే కారణంగా, కొన్నరోజే పుల్లలు లెక్కపెట్టండి. తర్వాత కూడా ప్రతిసారీ ఆటకు ముందు లెక్కపెట్టండి. ఒక్క పుల్ల మంచం కిందికి పోతే, ప్రతి అరా సరిగ్గా వేసిన పిల్లలకు చివర ఎనిమిదే మిగులుతాయి. సరైన పని చేసి కూడా తప్పు చేశామనుకుంటారు. రెండుసార్లు అలా జరిగితే ఆ పెట్టె జోలికి రారు. పోయిన పుల్లకు బదులు వేరే రంగుదైనా సరే, ఒకటి వేసి పెట్టండి.

అంకె గుర్తుపట్టలేని పిల్లలకు ఈ పెట్టె తొందర. 1 నుంచి 9 గుర్తులు తెలిసి, ఐదారు వస్తువులు తప్పుల్లేకుండా లెక్కపెట్టగలిగినప్పుడే ఇవ్వాలి. నాలుగు దాటిన అరలకు పుల్లల్ని ఒక రబ్బరు బ్యాండుతో కట్టనివ్వండి, కట్ట చేతిలో పట్టుకున్నప్పుడు ఆరుకూ తొమ్మిదికీ లావులో తేడా తెలుస్తుంది.

ఇరవై పూసల చట్రం

రెండు తీగలు, ఒక్కోదాని మీద పది పూసలు: ఐదు ఎరుపు, ఐదు తెలుపు. నెదర్లాండ్స్‌లోని ఫ్రాయ్‌డెంతాల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అడ్రి ట్రెఫర్స్ రూపొందించిన సాధనం ఇది. పైకి పాత పూసల పలకలా కనిపిస్తుంది, పని మాత్రం వేరు. పది తీగలు, వంద పూసలు ఉండే పలకలో చాలాసార్లు ఒక్కో తీగ అంతా ఒకే రంగు. ఏడు పూసలు జరిపితే అవి ఏడని చూసి చెప్పడానికి ఆనవాలు ఉండదు, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే. ఇక్కడ ఐదు ఎరుపు, రెండు తెలుపు కనిపిస్తాయి. మూడు నాలుగు దాకా లెక్కపెట్టకుండా చూడగానే చెప్పగలిగే శక్తి కంటికి ఉంది. ఐదు దగ్గర రంగు మారడం ఆ శక్తిని పది దాకా సాగదీస్తుంది.

వాడే తీరు ఇది. మొదలుపెట్టేటప్పుడు పూసలన్నీ కుడివైపు. "నాలుగు చూపించు" అంటే నాలుగింటినీ ఒక్క తోపుతో ఎడమకు జరపాలి. ఒక్కొక్కటే జరిపితే అది మళ్లీ పాత లెక్కే, చట్రం కొన్న ప్రయోజనం లేదు. ఐదు ఒక్క తోపులో వచ్చాక, ఆరుకు "ఐదు, ఇంకొకటి", రెండు తోపులు. పది కోసం తీగ మొత్తం. తర్వాత మీరు ఎనిమిది జరిపి, రెండు క్షణాలు చూపి, అట్టతో కప్పి "ఎన్ని?" అనండి. జవాబు కంటే "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న ముఖ్యం. ఒకరు "ఐదు ఎరుపు, మూడు తెలుపు" అంటారు, ఇంకొకరు "పదికి రెండు తక్కువ" అంటారు. రెండో జవాబు విన్నప్పుడు కూడికలు, తీసివేతలు మొదలైపోయాయని తెలుసుకోండి.

పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఈ చట్రం తెలుగు మాటలకు కుట్టించినట్టు సరిపోతుంది. పై తీగ మొత్తం జరిపితే పది, కింద మూడు, పదమూడు. కింద ఆరు అయితే పదహారు. మన మాటల్లో పది ముందే వినిపిస్తుంది, చట్రంలోనూ పదే ముందు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో "థర్టీన్" అంటే మూడు ముందొస్తుంది, "ఎలెవెన్", "ట్వెల్వ్"లలో పది జాడే వినపడదు. బడిలో ఇంగ్లిష్‌లో చెబుతున్నా, ఇంట్లో ఈ చట్రం ముందు తెలుగులో చెప్పించండి. పదిగా, ఇంకా కొన్నిగా చూడటం ఒక భాషలో వస్తే, రెండో భాషలో మాటలు నేర్చుకోవడమే మిగులుతుంది. "పన్నెండు", "పంతొమ్మిది" దగ్గర మాట కాస్త వంకర తిరిగి ఉంటుంది, ఆ రెంటిలో తడబడితే కంగారుపడొద్దు.

కొనేటప్పుడు చట్రాన్ని ఒక వైపుకు కొంచెం వంచి చూడండి. పూసలు వాటంతట అవే జారితే వద్దు. జరిపిన ఐదు కదలకుండా ఉండాలి. ఇంట్లో కూడా చేసుకోవచ్చు: గట్టి అట్ట, నాలుగు రంధ్రాలు, రెండు దారాలు, ఇరవై పూసలు. దారం పూస రంధ్రంలో కాస్త బిగుతుగా ఉండాలి, పలచగా ఉంటే రెండు పేటలు వేయండి. అట్ట వంగితే దారం వదులై పూసలు వేలాడతాయి, కాబట్టి రెండు అట్టలు అతికించి వాడండి.

క్లుప్తంగా చెప్పదగ్గవి

క్విజినేర్ కడ్డీలు: బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజినేర్ తయారుచేసిన 1 నుంచి 10 సెంటీమీటర్ల రంగు కడ్డీలు. గొప్ప సామాను, కానీ లెక్కపెట్టడం నేర్చుకోవడానికి కాదు, వచ్చిన తర్వాత. కడ్డీ మీద గీతలుండవు, అందులో ఐదు ఎక్కడుందో పిల్లలకు కనిపించదు. "పసుపు అంటే ఐదు" అని బట్టీ పడతారు. తెల్ల ముక్క ఒక్క సెంటీమీటరే, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

అంకెల చెక్క పజిల్: 5 ఆకారం ఉన్న గుంటలో 5 ముక్క పెట్టడం. ఆకారం కుదిరితే చాలు, ఐదంటే ఎన్నో తెలియక్కర్లేదు. అంకె రూపం గుర్తుపట్టడానికి సరే. పక్కన చుక్కలున్న రకం అయినా, అంచుల కోతను బట్టి జత కలిపేస్తారు. జత కలపకముందే చుక్కలు లెక్కపెట్టించాలి.

మీట నొక్కితే అంకెలు పలికే బొమ్మలు: వద్దు. నొక్కితే "సెవెన్" అంటుంది, పాట వస్తుంది, లైట్లు వెలుగుతాయి. ఏడు ఎక్కడా లేదు. లెక్క చేస్తున్నది బొమ్మ, పిల్లలు వింటున్నారు. తెరను తాకితే అంకె చెప్పే యాప్‌లదీ ఇదే సంగతి.

పాచిక, గడుల అట్ట

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అంటే ఇదే. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, పేద కుటుంబాల బడి ఈడు రాని పిల్లలతో 1 నుంచి 10 దాకా వరసగా గడులున్న అట్ట మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగు చిన్న విడతలే. లెక్కపెట్టడం, అంకెలు గుర్తుపట్టడం, ఏది ఎక్కువో చెప్పడం, అన్నీ మెరుగుపడ్డాయి. అంకెలు లేకుండా రంగుల గడులున్న అట్ట మీద ఆడిన పిల్లల్లో ఆ మార్పు లేదు. తర్వాత చేసిన పరిశోధనలో గుండ్రంగా తిరిగే అట్ట కంటే తిన్నని వరసే మేలు చేసిందని తేలింది.

అంగట్లో దొరికే వంద గడుల పాములు నిచ్చెనల అట్ట ఈ పనికి సరిపోదు. అందులో ఒక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకు పోతుంది. పిల్లలు పదో గడి దాటాక ఎటు తిరగాలో తెలియక వెనక్కి నడుస్తారు. పైగా పాము మింగితే పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు ఎగిరి పడిపోతారు, వరస చెదిరిపోతుంది. పది గడుల అట్ట మీరే గీసుకోండి: ఒకే వరస, ఎడమ నుంచి కుడికి, గడులన్నీ ఒకే వెడల్పు, గడికి ఒక అంకె. గడి వెడల్పు కనీసం 4 సెంటీమీటర్లుంటే కాయ పక్క గడిలోకి జారదు.

మామూలు పాచిక పది గడులకు ఎక్కువ, మూడు నాలుగు విసుర్లలోనే ఆట అయిపోతుంది. పాచిక ఆరు వైపులా కాగితం అతికించి మూడు వైపుల ఒక చుక్క, మూడు వైపుల రెండు చుక్కలు పెట్టండి. అంకెలు రాసినది కాకుండా చుక్కలదే వాడండి.

అసలు కిటుకు కాయ నడిపేటప్పుడు నోటితో ఏమంటున్నారన్న దాంట్లో ఉంది. కాయ 5లో ఉంది, పాచిక 2 పడింది. చాలామంది "ఒకటి, రెండు" అంటూ జరుపుతారు. అలా కాదు, గడిలో ఉన్న అంకె చదువుతూ "ఆరు, ఏడు" అనాలి. "ఒకటి, రెండు" అన్నవాళ్లు గడిలోని అంకెల్ని చూడనే చూడరు, ఆట ముగిసేసరికి రంగుల అట్ట మీద ఆడినట్టే అవుతుంది. మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది. పిల్లలు తమ కాయ ఉన్న 5తోనే మొదలుపెట్టి "ఐదు, ఆరు" అని 6లోనే ఆగిపోతారు. నిలబడ్డ గడిని లెక్కలోకి తీసుకోకూడదన్నది మాటల్లో చెబితే బుర్రకెక్కదు. కాయను చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు గెంతుతున్నాం" అంటూ ఒక్కో గెంతుకూ ఒక్కో గడి పేరు చెప్పించండి. గెంతు లేకుండా మాట లేదు, అంతే.

ఒక్కో ఆటకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. రెండు ఆటలు చాలు, ఇంకొకటి కావాలని అడిగేటప్పుడే అట్ట తీసేస్తే రేపు వాళ్లే తెచ్చుకుంటారు. ఆగకుండా "ఏడు, ఎనిమిది" అంటూ కాయ నడపడం వచ్చాక ఇరవై గడుల అట్ట గీయండి. రెండో వరసను కూడా ఎడమ నుంచే మొదలుపెట్టండి, అప్పుడు 11 సరిగ్గా 1 కింద, 12 సరిగ్గా 2 కింద వస్తాయి.